పుడిసెడు నీళ్లు

గోడ గడియారంలో రెండూ ఇరవై. మూడూ ఇరవైకి తెలిసిపోతుంది. ల్యాబ్ అమ్మాయి నవీన సీసాలన్నీ ట్రేలో సర్దుకొని పోతూ పోతూ, "ఫికర్ చెయ్యకక్కా, అద్దం లెక్కనే ఉంది నీ గుండిగ" అని వెళ్లింది. ఫికర్ చెయ్యొద్దని చెప్పడానికేం, చెప్పినవాళ్లు ఏసీ గదిలోకి వెళ్లి కూర్చుంటారు, నేనిక్కడ ఈ స్టీలు స్టూలు మీద, కాళ్లు నేలకు అందీ అందకుండా, ఎదురుగా మూతకు సీలు వేసిన గుండిగను చూసుకుంటూ. ఫైళ్లలో దానికి బారెడు ఇంగ్లీషు పేరుంది, జిలాటిన్ కరిగించే పాత్ర అని అర్థం, మేం మాత్రం గుండిగ అంటాం, మూడో నంబరు గుండిగ. నా అంత ఎత్తుంటుంది, పెళ్లివంటల గుండిగలకు తాత. దానికి రెండు పొరల గోడ. ఆ రెండు పొరల నడుమ వేడినీళ్లు తిరుగుతుంటే లోపల జిలాటిన్ కరిగి తేనె రంగులోకి వస్తుంది, ఆ తేనె పక్క గదిలోని మిషన్‌లో పలుచటి పొరగా సాగి, కడుపులో ఇంత మందునూనె నింపుకొని, గోలీగా మూసుకుంటుంది. గోలీ చేసేవాళ్లు వేరు, నూనె కలిపేవాళ్లు వేరు, నా పని గుండిగ కడగడం. పదహారేళ్లుగా అత్తగారింట్లో గిన్నెలు తోముతున్నా, ఒక్కరోజు కూడా ఎవరూ బాగా తోమావని కాగితం రాసివ్వలేదు. ఇక్కడ రాసిస్తారు, కాకపోతే వరుసగా మూడుసార్లు పాస్ కావాలి.

మొదటిసారి వానాకాలం మొదట్లో, ప్రేమ్‌చంద్ సార్ పక్కనే నిలబడి చేయించారు, పాస్. రెండోసారి పదిహేను రోజుల కింద, ఆయన అద్దం అవతల నిలబడి చేతులు కట్టుకొని చూశారు, పాస్. మూడోసారి నేనొక్కదాన్నే చేయాలి, ఎవరూ చెప్పొద్దు, ఎవరూ అందించొద్దు, అదీ ఇవాళ. ఇది పాసైతే కాంట్రాక్టు పోయి కంపెనీ మనిషినవుతాను. తప్పితే మళ్లీ ఒకటి నుంచి, అదీ ఆరు నెలలు ఆగిన తర్వాత. ఆరు నెలలు నేను ఆగగలను, కాంట్రాక్టు వాళ్లకు ఆగడం అలవాటే. ఆగలేనిది లక్ష్మణ్. సిరిసిల్లలో అతను నడిపే సాంచాలు రెండు నెలలుగా ఆగి ఉన్నాయి. మరమగ్గాలను మా వైపు సాంచాలే అంటాం, అవి ఆగితే వీధి వీధంతా మూగదైపోతుంది, ఆ టకటకకు అలవాటు పడ్డ చెవులకు పక్కింటి కుక్కర్ కూత కూడా ఉలికిపాటే. భీవండి నుంచి అతని దోస్తు అంబదాస్ రోజూ ఫోన్ చేస్తున్నాడు, రా, ఇక్కడ మగ్గాలు నడుస్తున్నాయి అని. ఆదివారం బస్సు. సంచి సర్ది తలుపు పక్కన పెట్టుకున్నాడు, నేను ఊడ్చినప్పుడల్లా ఆ సంచిని జరిపి ఊడుస్తున్నాను, మళ్లీ అక్కడే పెడుతున్నాను. పొద్దున సద్ది కట్టుకుంటుంటే దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నీది పక్కా అయితే నేను పోను మంజులా. కరీంనగర్ల ఒక రూం తీసుకుందాం, గాడ ఏదన్న పని దొరుకుతది. కాలేదనుకో, పోవాలె. కూసోని తినుడు నాతోని కాదు." టిఫిన్ డబ్బా మూత ఒత్తి ఇచ్చాడు.

పోయినసారి భీవండి వెళ్లి రెండేళ్లకు వచ్చాడు. అప్పటికి మా బిడ్డకు మూడేళ్లు. తలుపు వెనక దాక్కొని నా కొంగు లాగి, "గాయన ఎవలే అవ్వా?" అంది. లక్ష్మణ్ నవ్వాడు, తెచ్చిన బొమ్మ చూపించాడు, తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు. ఇప్పుడది గురుకులంలో తొమ్మిదో తరగతి, బాపును ఆటపట్టిస్తుంది, ఫోన్లో నాకంటే అతనితోనే ఎక్కువ మాట్లాడుతుంది. దాక్కునే వయసు కాదు. అయినా నాకా తలుపు గుర్తుకొస్తూనే ఉంటుంది. అతను వెళ్లకూడదు, అంతే, నాకు ఇంకే కారణమూ లేదు, అతను ఇంట్లో ఉండాలి.

రెండూ ముప్పై. ఈ గదిలో ఏ వాసనా లేదు ఇప్పుడు, అదే మంచి గుర్తు. పొద్దున ఇదే గది పాయ వండిన ఇల్లులా ఉండింది. ఎముకలు, తోళ్లు ఉడికించి తీసిన జిగురే కదా జిలాటిన్ అంటే. కొత్తలో ముక్కు పట్టుకునేదాన్ని, ఇప్పుడు ఆకలేస్తుంది. ఎనిమిదింటికి గుండిగలో మిగిలిన తేనెను కింది కొళాయి నుంచి పూర్తిగా దించి, గోడల వేడి పోకముందే అరవై డిగ్రీల నీళ్లు నింపి, లోపలి తెడ్డును ఇరవై నిమిషాలు తిప్పి, వదిలి, మళ్లీ నింపి, సబ్బుమందు వేసి, మూతకున్న రబ్బరు చుట్టను ఊడదీసి దాని వంపులో బ్రష్ పెట్టి, కింది కొళాయిని మూడు ముక్కలుగా విప్పి, ప్రతి ముక్కా వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ మంచినీళ్లు, మంచినీళ్లంటే మనం తాగేవి కావు, ఇంకా శుద్ధి చేసినవి, రుచీ పచీ లేనివి, వాటితో మూడుసార్లు. తర్వాత గోడల వేడితోనే ఆరబెట్టడం. మొత్తం ఆరుగంటల పని. ఏ మెట్టూ దాటలేదు. చల్లబడనిస్తే మాత్రం అంతే సంగతులు, జిలాటిన్ గాజుపెంకై అంటుకుంటుంది, గోకితే స్టీలుకు గీతలు పడతాయి, ఆ గీతల్లో మళ్లీ జిలాటిన్ దాక్కుంటుంది.

శిక్షణ రోజున ప్రేమ్‌చంద్ సార్ అడిగారు, దీన్ని వేడి మీదే ఎందుకు కడగాలో ఎవరైనా చెప్పండి అని. బీఎస్సీలు చదివిన పిల్లలు నలుగురు పుస్తకంలో వెతుక్కుంటున్నారు. నాకు మా తల్లిగారింటి ముందరి వాకిలి కనబడింది, వాకిలి పొడుగునా చాచిన పడుగు, ఆ దారాలకు పట్టించే గంజి, గంజి కాచిన ఇనప మూకుడు పక్కన బొంత పరుచుకొని నేను. "వేడి మీదనే కడ్గు బిడ్డా, సల్లారితే గోర్లూడుతయి" అని మా అవ్వ కేక. అదే చెప్పాను సార్‌కు, గంజి సంగతి. పిల్లలు నవ్వారు. సార్ నవ్వలేదు. "ఈమె చెప్పింది రాసుకోండ్రి" అన్నారు. మూకుడు కడిగిన చదువుకు మార్కులు పడతాయని నాకు ముప్పై నాలుగేళ్లు వచ్చాక తెలిసింది.

ప్రేమ్‌చంద్ సార్‌ది హుజూరాబాద్. ఆదివారం చర్చికి వెళ్లే బట్టలేమో అన్నట్టు రోజూ ఇస్త్రీ చేసిన చొక్కానే, లోపలికి వచ్చాక ఎలాగూ దాని మీద అందరం వేసుకునేది ఈ తెల్ల ముసుగే. కోపం తక్కువ, నస ఎక్కువ. ఆయన నసంతా పుస్తకం గురించే. ప్రతి గుండిగకూ ఒక పుస్తకం, ఎవరు కడిగారు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు మూశారు, సంతకం. రాతలో తప్పు వస్తే రబ్బరు పెట్టకూడదు, దిద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు. ఒకే ఒక్క గీత గీయాలి, కింద రాసింది చదవగలిగేటట్టు. పక్కన సంతకం, తేదీ. "వైట్‌నర్ పూస్తే నౌకరి పోతది, గీత గీస్తే పోదు" అని మా అందరికీ వంద సార్లు చెప్పి ఉంటారు. ఇంతకాలం మూడో నంబరు పుస్తకంలో నా పనికి ఆయన సంతకమే. ఇవాళ రెండూ పదికి నేను చేశాను. శుభ్రం చేసి మూసితిని, మంజుల, అని. మూసితిని అనే మాట నేను ఇంతకుముందు ఎక్కడా వాడలేదు, పుస్తకంలో అంతకుముందు వాళ్లు అలా రాస్తే నేనూ అలాగే రాశాను. పెళ్లి రిజిస్టరు మీద కూడా అంత జాగ్రత్తగా సంతకం పెట్టి ఉండను.

నా చేతులు చూసుకుంటే నావి కావనిపిస్తాయి. ఏడున్నరకు గేటు దాటి, ఆ గది నుంచి ఈ గదికి వచ్చేలోపు గాజులు తీయిస్తారు, బొట్టు తుడిపిస్తారు, తలలో పువ్వుంటే పువ్వు, గోరింటాకుంటే ఒకటికి రెండు జతల తొడుగులు. ముక్కుపుడక తీసి చిన్న డబ్బీలో వేసి లాకర్లో పెడతాను, ఫోనూ అక్కడే. మెట్టెలు మాత్రం బూట్లలో ఎవరికీ కనబడకుండా నాతో వస్తాయి. మొదటి వారం అత్తమ్మ నన్ను బోసి మొహంతో బస్సు దిగడం చూసి, "గదేం కంపెనీయే, ఆడిపిల్ల మొఖం కడిగి పంపుతది" అని వీధిలోనే అరిచింది. మా అత్తమ్మ పేరు అనసూర్య. మాట గట్టిది, మోకాళ్లు మెత్తవి. కరీంనగర్ డాక్టరు ఆమెకు రాసిచ్చిన గోలీలు కూడా తేనె రంగువే. ఒకరోజు ఆమె ఒకటి వేళ్ల మధ్య పట్టుకొని కిటికీ వెలుతురులో చూస్తూ, "గిది మీదేనానే?" అని అడిగింది. ఏమో అత్తమ్మా, మాదో, వేరేవాళ్లదో, అన్నీ ఇలాగే ఉంటాయి అన్నాను. "నువ్వు కడిగిన గిన్నెలదైతే దయిర్యంగ మింగుత" అని నోట్లో వేసుకొని నీళ్లు తాగింది. పొగడడం ఆమెకు రాదు, నాకు వినడం రాదు, ఇద్దరం చెరో పనిలో పడిపోయాం.

నిజానికి గిన్నెల దగ్గర మా ఇద్దరికీ మొదటి పంచాయితీ పెళ్లయిన నాలుగో రోజే. అన్నం కుండను శుభ్రంగా తోమి, తుడిచి, బోర్లించి, మా అవ్వ చూస్తే మురిసిపోతుందనుకొని పడుకున్నాను. తెల్లారి అత్తమ్మ ఆ కుండ ముందు నిలబడి ఉంది. "ఉత్త కుండ పండవెట్టినవా పిల్లా? పెద్దలొచ్చి మూత తీస్తే ఏముంటది గండ్ల?" పెద్దలంటే చనిపోయినవాళ్లు, మా మామ, ఆయన తండ్రి, వాళ్లందరూ. పొద్దుపోయాక ఇంట్లోకి వచ్చి కుండల మూతలు తీసి చూస్తారట, పిల్లలు తింటున్నారా లేదా అని. ఏమీ లేకపోతే దిగులు పడి పోతారట. కనీసం పుడిసెడు నీళ్లైనా ఉండాలట. "పుడిసెడు నీళ్లు సరిపోతయా అత్తమ్మా, ఉప్పు గూడ వెయ్యాల్నా?" అని అడిగాను, పద్దెనిమిదేళ్ల పొగరు. ఆమె నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. అప్పటి నుంచి ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. నమ్మకమని కాదు, నేను మా మామను చూడనేలేదు, అయినా ఎవరో వచ్చి మూత తీసి దిగులు పడి పోవడం నాకిష్టం లేదు. కడిగిన కుండను నిలబెట్టడం, చెంబులో మిగిలిన నీళ్లు అందులో ఒంపడం, మూత పెట్టడం. చూడాల్సిన పని కూడా లేదు, మాట్లాడుతూ ఉంటాను, బిడ్డను తిడుతూ ఉంటాను, చేయి దానంతట అది ఒంపుతుంది, మూత పెడుతుంది.

జగ్గు.

జగ్గు బోర్లించి ఉంది. అక్కడ, గోడకున్న కొక్కేల అర మీద, చిన్న స్టీలు జగ్గు, బోర్లా, పొడిగా. ఆఖరిసారి తెడ్డు రెక్కలు కడగడానికి మంచినీళ్లు పట్టింది అందులోనే. రెక్కలకు సగం కూడా ఖర్చు కాలేదు. గుండిగ ఆరుతున్నంతసేపూ ఆ జగ్గు మెట్ల బల్ల మీదే ఉంది, నవీన వచ్చి దూది కర్రలతో గోడనూ, రెక్కనూ, మూతనూ తుడిచి సీసాల్లో వేసుకుంటున్నప్పుడు ఆమె మోచేయి తగలబోతే నేనే ఇవతలికి జరిపాను, అప్పుడు నీళ్లు కదిలాయి, అంచు దాకా వచ్చి ఆగాయి, అది నాకు బాగా గుర్తు. కాబట్టి అప్పటికి నీళ్లున్నాయి. తర్వాత నవీన అటు తిరిగి సీసాల మీద పేర్లు రాసుకుంటోంది. గురుకులంలో మీ బిడ్డకు సైన్సా లెక్కలా అని అడిగింది. సైన్సే, నీ లెక్క ల్యాబ్‌లో కూర్చుంటానంటోంది అని చెబుతూ నేను మూత దించాను. మూతకూ జగ్గుకూ మధ్య ఏముంది? మిగిలిన నీళ్లు నేలమీది తూములో పోయాలి, అది పద్ధతి. పోసే ఉంటాను. పోస్తే ఆ తూము గుటగుటమంటుంది, గ్లాసెడు పోసినా గొడవ చేస్తుంది అది, లోపల వంపు తిరిగిన గొట్టం ఉందట. ఆ చప్పుడు నేను విన్నానా? స్టూలు మీంచి వంగి చూశాను. తూము మీది జల్లెడ పొడిగా ఉంది. చుట్టూ నేల కూడా పొడిగా, తెల్లగా, పొద్దున తుడిచింది తుడిచినట్టే.

గాజులు తీయించారు, బొట్టు తుడిపించారు, ముక్కుపుడక డబ్బీలో వేయించారు, మా అత్తమ్మ మాత్రం ఏ గేటు దగ్గరా ఎవరికీ దొరకకుండా నా చేతిలో కూర్చొని లోపలికి వచ్చేసింది. నవ్వు రావాలి నాకు. రావడం లేదు. 

ఆగు, ఆగు. గుండిగ పొడిగానే ఉందేమో. నవీన కోసం జగ్గు జరిపినప్పుడు ఒలికాయేమో. ఒలికితే నేల తడిసేది. ఇంకెక్కడ పోస్తాను, తాగానా? మూతకు సీలు వేసి ఉంది, ఆ నీలం స్టిక్కరు చించాలంటే ప్రేమ్‌చంద్ సార్ సంతకం కావాలి, సార్‌కు చెప్పకుండా చూడటానికి లేదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఫలితం పాసే వస్తుంది, ఎందుకంటే నవీన తుడిచినప్పుడు గుండిగ అద్దంలాగే ఉంది, అందులో అబద్ధం లేదు. పచ్చ చీటీ కడతారు. నా పేరు పైకి పోతుంది. లక్ష్మణ్ సంచి విప్పుతాడు. ఎల్లుండి పొద్దున కొత్త సరుకు వేసేవాళ్లు మూత తీస్తారు, ఆ మబ్బు వెలుతురులో ఎవరు తొంగి చూస్తారు, చూసినా పుడిసెడు నీళ్లు, అదీ శుద్ధి చేసినవే, ఎలాగూ జిలాటిన్‌లో నీళ్లు పోస్తారు, ఎలాగూ డెబ్బై డిగ్రీలు వేడి చేస్తారు, ఏ పురుగైనా ఆ వేడికి చస్తుంది. చూడు ఎంత తెలివి వచ్చిందో నాకు, ఒక్క నిమిషంలో నాలుగు సాకులు. పురుగు చస్తుందట. గోరువెచ్చని గుండిగలో మూత కింద రెండు రోజులు నిలవున్న నీళ్లంటే వాటికి పెళ్లి భోజనం అని శిక్షణలో సార్ చెప్పిందే, కొన్ని చచ్చినా అవి వదిలిన విషం చావదని కూడా చెప్పారు, నేనే మొదటి వరుసలో కూర్చొని తల ఊపాను.

రెండూ యాభై ఎనిమిది. బహుశా ఏమీ కాదు. వెయ్యికి ఒక్కసారి కూడా ఏమీ కాదు. నా కళ్ల ముందు అత్తమ్మ కిటికీ దగ్గర గోలీ పట్టుకొని నిలబడి ఉంది. నువ్వు కడిగిన గిన్నెలదైతే దయిర్యంగ మింగుత. ఆమె ఒక్కతే కాదు, ధర్మపురిలో ఒకామె, మంథనిలో ఒకాయన, ఆదిలాబాద్ అవతల ఎక్కడో మరాఠీ కలిపి మాట్లాడే ఇంకో ముసలమ్మ, ఎవరో కడిగిన గుండిగ మీద నమ్మకంతో నోరు తెరిచి మింగుతారు, వాళ్లకు నా పేరు తెలియదు, పుస్తకంలో మాత్రం ఉంది, శుభ్రం చేసి మూసితిని. కానీ లక్ష్మణ్. కానీ ఆదివారం. చెబితే ఆరు నెలలు, ఆరు నెలలకు అతను భీవండిలో ఉంటాడు, ఒకసారి వెళ్లాక మధ్యలో రావడం అంటూ ఉండదు, పోయినసారి నేర్చుకున్నాను. ఒక పుడిసెడు నీళ్ల కోసం. నాకు ఏడుపొచ్చింది, మాస్కులోపల ఏడిస్తే ముక్కు తుడుచుకోవడానికి కూడా ఉండదు, అందుకని ఆపుకున్నాను. అత్తమ్మ మీద కోపం వచ్చింది, ఎప్పుడూ చూడని మామ మీద కోపం వచ్చింది, వచ్చి మూతలు తీసి చూసే పని వాళ్లకెందుకు అనిపించింది. పైకి లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. గుండిగ దగ్గరికి వెళ్లి, ముట్టుకోకుండా, కింది కొళాయి దగ్గర చెవి పెట్టి విన్నాను, నీళ్లు మాట్లాడతాయన్నట్టు. మళ్లీ వచ్చి కూర్చున్నాను. మూడూ ఐదు. లక్ష్మణ్ మగ్గం మీద ఎక్కడైనా ఒక్క పోగు తెగితే సాంచా ఆపేస్తాడు. సేటు అరుస్తున్నా ఆపేస్తాడు. ఆ ఒక్క పోగు ఎవరికి కనబడుతుందయ్యా అని నేనే ఒకసారి అడిగాను. "నాకు కనవడ్డది గద" అన్నాడు, వేళ్లతో ముడి వేస్తూ. ఇవాళ ఇదే అతనికి చెబితే ఏమంటాడో నాకు తెలుసు, అది తెలిసినందుకే ఇంత కోపం వస్తోంది నాకు. మూడూ పన్నెండు. లేచాను.

సార్ గాజు గదిలో పుస్తకం మీద వంగి ఉన్నారు. తలెత్తి నన్ను చూసి, గడియారం చూశారు.

"ఇంకా ఎనిమిది నిమిషాలు ఉంది గదమ్మా. అంత పరేషాన్ ఎందుకు?"

"సార్, సీలు తియ్యాలె."

"ఎందుకు?"

"లోపల నీళ్లు పోసిన సార్. నవీన తుడుసుకున్నంక."

"పోసినవా, పోసిన అనిపిస్తుందా?"

"చూడలే సార్. గని పోసిన. జగ్గుల నీళ్లుండె, తూము పొడిగున్నది. ఇంట్ల అన్నం కుండల పోస్తం, రోజూ, ఉత్తగ పండవెట్టద్దని... చెయ్యి అదే పోసింది సార్."

ఆయన పెన్ను మూత పెట్టారు, తీశారు. "మా అవ్వ గూడ పోసేది" అన్నారు చివరికి. "రిబ్కమ్మ మా అవ్వ పేరు. పెద్దలని కాదు, ఎవలన్న సుట్టం ఆకలితోని వస్తే కుండ ఉత్తగుండద్దని." కాగితం మీద సమయం వేశారు, మూడూ పదమూడు, ఆపరేటరు తానే వచ్చి చెప్పినది అని రాశారు, నన్ను చదవమని ఇటు తిప్పారు. తర్వాత లేచి కొత్త తొడుగులు వేసుకున్నారు.

నీలం స్టిక్కరు చింపిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మూత ఎత్తకముందే, కింది కొళాయి కింద తెల్ల ట్రే పెట్టి, నన్నే తిప్పమన్నారు. తిప్పేటప్పుడు నేను దేన్ని కోరుకున్నానో నిజంగా చెప్పాలంటే, నీళ్లు రాకూడదని కోరుకున్నాను, నేను పిచ్చిదాన్నని తేలినా సరే అనుకున్నాను. మొదట ఏమీ రాలేదు. తర్వాత వచ్చాయి. చిన్న ధార, తెల్ల ట్రేలో ఆ మూల నుంచి ఈ మూలకు పాకి ఆగింది. ఒక్క పుడిసెడు కాదు, రెండు పుడిసిళ్లు. సరిగ్గా అప్పుడే నవీన కాగితం ఊపుకుంటూ తలుపు తోసుకొని వచ్చింది, "అక్కా, పాస్" అంటూ, ట్రే చూసి ఆగిపోయింది. "అయ్యో అక్కా" అంది.  గడియారం మూడూ ఇరవై.

పుస్తకం నా ముందు పెట్టారు సార్. "నువ్వే గియ్యాలె. రాసినోళ్లే గియ్యాలె." నా మొదటి సంతకం మీద, రెండూ పది నాటి దాని మీద, అంత జాగ్రత్తగా పెట్టిన దాని మీద స్కేలు పెట్టి ఒక గీత గీశాను.  గీత కింద అంతా చదవడానికి వస్తూనే ఉంది, శుభ్రం చేసి మూసితిని, మంజుల. పక్కన కారణం రాయమన్నారు. మూసేముందు నీళ్లు పోసినాను, అలవాటు వలన, అని రాశాను. సంతకం, తేదీ. రెండో సంతకం మొదటిదానికంటే బాగా వచ్చింది.

"మళ్లా ఒకటి నుంచేనా సార్?" అడగకుండా ఉందామనుకున్నాను, గొంతు ఆగలేదు.

ఆయన నవీన చేతిలోని కాగితం తీసుకొని, దాని మీది సమయమూ తన కాగితం మీది సమయమూ పక్కపక్కన పెట్టి చూపించారు. "నువ్వు చెప్పింది పదమూడుకు. రిజల్టు ఇరవైకి. రిజల్టు రాకముందే మనిషి తానే ఆపితే దాన్ని ఫెయిల్ అని రాయరు. కడుగుడు పూర్తి గాలేదని రాస్తరు. పూర్తి గానిది పూర్తి చెయ్యొచ్చు. పైవాళ్లు ఏమంటరో నాకు తెల్వదు, నేను చూసింది రాసి, కింద నా సంతకం పెడత."

"అంటే ఇది..."

"మూడోదే. ఆఖరి నీళ్ల కాడి నుంచి చెయ్యి. ఆరబెట్టు. ఐదున్నర అయితది."

నవీన గడియారం చూసింది, వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది. "నా బస్సు పోతది, వేరే బస్సు వస్తది" అంది. "కడుగు అక్కా, నేను ఉంట."

వేడినీళ్లు తిరగడం మొదలుపెడితే గుండిగ గోడలు సన్నగా మూలుగుతాయి, పడుకున్న మనిషి పక్క మారినట్టు. మంచినీళ్లు మూడుసార్లు పోశాను, మూడుసార్లు దించాను. తెడ్డు రెక్కలకు జగ్గుతో పోశాను. ఆరబెట్టాను. నవీన మళ్లీ దూది కర్రలతో గోడా, రెక్కా, మూతా తుడుచుకుంది, ఈసారి అటు తిరగలేదు, నేనూ గురుకులం కబుర్లు చెప్పలేదు. జగ్గులో సగం నీళ్లు మిగిలాయి. చేయి గుండిగ వైపే వెళ్లింది, నిజం చెబుతున్నాను, అంత జరిగాక కూడా అటే వెళ్లింది, పదహారేళ్ల చేయి అది. దాన్ని వెనక్కి తీసుకొచ్చి తూము మీద వంచాను. తూము గుటగుటమంది, పెద్ద గొడవ చేసింది, ఆఖరి చుక్క దాకా నిలబడి విన్నాను. జగ్గు బోర్లించాను. గుండిగలోకి ఒకసారి తొంగి చూశాను, ఏమీ లేదు, అడుగున దీపం వెలుతురు తప్ప. మూత దించాను.

ఇక గంట. ఈ గంట గడియారం వైపు చూడటం లేదు నేను. బస్సులో లక్ష్మణ్‌కు ఫోన్ చేసి ముందు నీళ్ల సంగతి చెబుతాను, తర్వాత సంచిలోంచి దుప్పటి తీసి బయట పెట్టమని చెబుతాను, ఎందుకని అడిగితే చలి పెడుతోందని చెబుతాను. పెద్దలు ఈ కంపెనీ దాకా వచ్చి మూత తీస్తే తీయనీ, ఇక్కడ ఉత్తదే ఉంటుంది, ఉత్తగా ఉండడమే ఈ గుండిగకు మర్యాద, వాళ్లకు అర్థం కాకపోతే అత్తమ్మ చెబుతుంది. ఇంటికి వెళ్లాక మా అన్నం కుండలో ఇవాళ రెండు పుడిసిళ్లు పోస్తాను.